స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడరు ఆటలో కంప్యూటరు ప్రత్యర్థులు

స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడరు 2002లో విడుదలైన కోట నిర్మాణ వ్యూహక్రీడ. దీనిని బ్రిటనుకు చెందిన ఫైర్‌ఫ్లై స్టూడియోస్ అను సంస్థ రూపొందించింది. 2001లో వచ్చిన స్ట్రాంగ్‌హోల్డ్ ఆటకు ఇది తరువాయి. మొదటి ఆట ఇంగ్లండు నేలపై జరుగుతుంది. రెండవది క్రైస్తవ మతయుద్ధాల కాలపు పశ్చిమాసియా ఎడారులలో జరుగుతుంది. ఆటగాడు ఒక కోటను కట్టి, ప్రజలను పోషించి, సైన్యాన్ని కూర్చి, ఎదుటి కోటలోని ప్రభువును చంపవలసి ఉంటుంది. ఎదుటి కోటను మరొక మనిషి నడపవచ్చు, లేదా కంప్యూటరు నడపవచ్చు. కంప్యూటరు నడిపే ప్రభువుల కారణంగానే ఈ ఆట ఇరవై ఏళ్ళు దాటినా ఆడబడుతున్నది. ఈ ప్రభువులు ఏ పద్ధతిలో కోట కడతారు, ఎలా దాడి చేస్తారు, ఎక్కడ దెబ్బతింటారు అన్నవి ఈ వ్యాసములోని విషయములు.

ఆట స్వరూపము

ఫైర్‌ఫ్లై సంస్థ 1999లో ఏర్పడింది. స్థాపకులలో ఒకరైన సైమన్ బ్రాడ్‌బరీ అంతకు ముందు ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థలో సీజర్ అను నగర నిర్మాణ క్రీడలపై పనిచేశాడు. ఆ వాసన ఈ ఆటలోనూ ఉన్నది. కత్తి కంటే ముందు రొట్టె కావాలి. గోధుమ పండించి, మరలో పిండి పట్టించి, రొట్టె కాల్చి ధాన్యాగారానికి చేర్చాలి. లేదా ఆపిలు తోటలు, జున్ను, వేట మాంసము మీద ఆధారపడాలి. ఎడారి గనుక పంట పొలాలను పచ్చిక ఉన్న చోటనే వేయగలరు. అటువంటి పచ్చిక ప్రతి పటములోనూ కొద్ది చోట్ల మాత్రమే ఉంటుంది. రాయి, ఇనుము, తారు దొరికే స్థలములు సాధారణంగా కోటకు దూరంగా ఉంటాయి.

ప్రజాదరణ అను ఒక అంకె ఆటను నడిపిస్తుంది. అన్నం ఎక్కువ పెడితే పెరుగుతుంది, పన్ను ఎక్కువ వేస్తే తగ్గుతుంది. అది 50 కన్నా తగ్గితే ప్రజలు కోట విడిచి పోతారు. వారు పోతే పొలంలో పనిచేసేవారు ఉండరు, సైన్యములో చేరేవారూ ఉండరు. దీనికి తోడు భయము అను మరొక అంశము ఉన్నది. ఉద్యానవనములు, విగ్రహములు కట్టిన ప్రభువును ప్రజలు ప్రేమిస్తారు, సైనికులు గట్టిగా పోరాడతారు, అయితే పని నెమ్మదిస్తుంది. ఉరికొయ్యలు, చిత్రహింస పరికరములు నిలిపిన ప్రభువు వద్ద పని వేగంగా సాగుతుంది గాని, ప్రజాదరణ పడిపోతుంది, సైనికుల పోరాట శక్తి తగ్గుతుంది.

సైనికులు రెండు రకములు. ఐరోపా సైనికులకు బంగారంతో పాటు ఆయుధములు కావాలి. విల్లు, బల్లెము, గద, కత్తి, కవచము వంటివి కోటలో తయారు కావాలి, లేదా సంతలో కొనాలి. అరబ్బు సైనికులను కేవలం బంగారంతో కిరాయికి తెచ్చుకోవచ్చు. ఒక బానిసకు 5 నాణెములు, ఒక అరబ్బు విలుకానికి 75 నాణెములు చెల్లించాలి. ఈ భేదము చిన్నదిగా కనిపించినా, కంప్యూటరు ప్రభువుల గుణభేదాలు చాలావరకు ఇందులోనుండే పుట్టాయి.

ఒక పటముపై గరిష్ఠంగా ఎనిమిది మంది ప్రభువులు ఉండవచ్చు. అంటే ఒక మనిషి ఏడుగురు కంప్యూటరు ప్రభువులతో తలపడవచ్చు, లేదా వారిలో కొందరిని మిత్రులుగా పెట్టుకోవచ్చు. ఇవి గాక 50 పోరాటములు వరుసగా గెలవవలసిన యాత్ర కూడా ఆటలో ఉన్నది.

ప్రభువులు

మొదటి స్ట్రాంగ్‌హోల్డ్ ఆటలో నలుగురు దుష్ట ప్రభువులు కథలో పాత్రలుగా ఉన్నారు. వారికి ఎలుక, పాము, పంది, తోడేలు అని అర్థం వచ్చే ర్యాట్, స్నేక్, పిగ్, వుల్ఫ్ అను మారుపేర్లు ఉన్నాయి. క్రూసేడరులో ఈ నలుగురితో పాటు రిచర్డ్, సలాదీన్, కాలిఫ్, సుల్తాన్ వచ్చారు. తరువాతి విడుదలలలో ఫ్రెడరిక్, ఫిలిప్, వజీర్, ఎమీర్, నిజార్, షెరిఫ్, మార్షల్, అబాట్ చేరడంతో మొత్తం సంఖ్య 16కు చేరింది. వీరిలో రిచర్డ్, సలాదీన్, ఫ్రెడరిక్, ఫిలిప్ చరిత్రలోని రాజుల పేర్లు పెట్టుకున్నవారు. అయితే ఆటలోని నడతకూ చరిత్రకూ సంబంధము స్వల్పమని పాఠకులు గమనించవలెను.

ఆ కాలపు వ్యూహక్రీడలలో కంప్యూటరు ప్రత్యర్థికి సాధారణంగా సులభము, మధ్యమము, కఠినము అను మూడు స్థాయిలు మాత్రమే ఉండేవి. స్థాయి మారినా ఎదుటివాడు ఒకడే. క్రూసేడరులో స్థాయికి బదులు వ్యక్తిని ఎన్నుకుంటాము. ప్రతి ప్రభువుకూ ముఖము, గొంతు, మాటతీరు ఉన్నాయి. దాడికి బయలుదేరేటప్పుడు ఒకడు బెదిరిస్తాడు, ఒకడు ఎగతాళి చేస్తాడు, ఓడిపోయేటప్పుడు ఒకడు బతిమాలుతాడు. మిత్రుడైతే ఫలానా సరుకు పంపమని అడుగుతాడు. ఈ మాటల వెనుక ఆలోచన ఏమీ లేదు. ఏ సంఘటనకు ఏ మాట అన్నది ముందే నిర్ణయించి పెట్టినది. అయినా ఈ ఆట ఆడినవారు వుల్ఫును గురించి నిజంగా ఉన్న ఒక మనిషిని గురించి చెప్పినట్లే మాట్లాడతారు. రూపకర్తల విజయము అదే అనవచ్చు.

కోట నమూనా

కంప్యూటరు ప్రభువు తన కోటను ఆలోచించి కట్టడు. ప్రతి ప్రభువుకూ ముందుగా గీసి ఉంచిన ఎనిమిది కోట నమూనాలు ఆట దస్త్రములలో ఉన్నాయి. ఆట మొదలైనపుడు వాటిలో ఒకటి తీసుకొని, ప్రభువు నివసించే కేంద్ర భవనాన్ని ఆధారంగా చేసుకొని, ఒక క్రమంలో కట్టుకుంటూ పోతాడు. ఏ గోడ ఎక్కడ రావాలి, ఏ బురుజు తరువాత ఏ బురుజు, కొలిమి ఎక్కడ, కందకము ఎప్పుడు అన్నవన్నీ నమూనాలోనే ఉంటాయి. పొలములు, గనులు, చెట్లు కొట్టేవారి గుడిసెల వంటివి మాత్రం పటములో వనరు ఎక్కడ ఉంటే అక్కడ వెతికి వేస్తాడు.

దీనివలన ఒక లాభము ఉన్నది. మనిషి గీసిన కోట గనుక అది చూడటానికి కోటలాగానే ఉంటుంది. బురుజులు ఒకదానికొకటి అండగా నిలుస్తాయి, సింహద్వారము ముందు శత్రువు చిక్కుకునే చోటు ఉంటుంది. అప్పటి కంప్యూటరు కార్యక్రమము తనంతట తాను ఇటువంటి అమరికను కనిపెట్టగలిగేది కాదు.

నష్టము కూడా ఇక్కడే ఉన్నది. నమూనా చదునైన విశాల స్థలాన్ని దృష్టిలో ఉంచుకొని గీసినది. గోడ రావలసిన చోట కొండరాయి గాని నీరు గాని ఉంటే, ప్రభువు గోడను పక్కకు జరిపి కట్టడు. ఆ ముక్కను వదిలేసి మిగిలినది కడతాడు. అందువలన మూడు వైపుల దుర్భేద్యంగా ఉన్న కోటకు నాల్గవ వైపున మనుషులు నడిచిపోయేంత సందు మిగలవచ్చు. ఆ సందును గమనించిన ఆటగాడికి గోడలు కూల్చే యంత్రములే అవసరం పడవు. పైగా క్రూసేడరులో పటమంతా మొదటి నుండి కనిపిస్తుంది. కొన్ని వ్యూహక్రీడలలో మాదిరి శత్రువు ప్రాంతాన్ని చీకటి కప్పి ఉంచదు. ఎదుటి కోట ఎంతవరకు వచ్చింది, ఎక్కడ లోపము ఉన్నది అన్నది వేగులవారితో పని లేకుండానే చూడవచ్చు.

మొదట్లో అన్ని కోటలూ బలహీనమే. వుల్ఫు నమూనా పూర్తి కావాలంటే విస్తారంగా రాయి కావాలి. ఆ రాయి ఎడ్ల మీద మెల్లగా రావాలి. కోట సగం కట్టిన దశలో దాడి చేస్తే ఎదురయ్యేవాడు ఆట చివరలో కనిపించే వుల్ఫు కాడు. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు బలమైన ప్రభువులను ముందుగానూ, బలహీనులను తీరికగానూ చూసుకోవడానికి కారణము ఇదే. కొత్తవారు సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తారు. ఎదురుగా ఉన్న ర్యాటుతో కాలము గడుపుతూ, వెనుక వుల్ఫు చివరి బురుజు వరకు కట్టుకొనడానికి అవకాశం ఇస్తారు.

దాడి విధానము

కంప్యూటరు ప్రభువు సైన్యము మూడు భాగములుగా పనిచేస్తుంది. కొందరు గోడలపై, బురుజులపై నిలబడి కోటను కాస్తారు. కొందరు చిన్న గుంపులుగా వెళ్ళి శత్రువు పొలములను, గనులను పాడుచేస్తారు. మిగిలినవారు కోట వద్ద పోగవుతూ ఉంటారు. వారి సంఖ్య ఒక మేరకు చేరినపుడు అసలు దండయాత్ర బయలుదేరుతుంది. మొదటి దండు చిన్నదిగా ఉంటుంది. తరువాతి దండ్లు అంతకంతకు పెద్దవవుతాయి.

పెద్ద దండులో ముట్టడి యంత్రములు కూడా ఉంటాయి. కోటకు కొంత దూరంలో దండు ఆగుతుంది, ఇంజనీర్లు డేరాలు వేసి యంత్రములను సిద్ధం చేస్తారు. గోడలపై రాళ్ళు విసిరే కాటాపుల్ట్, అంతకన్న దూరం నుండి విసిరే ట్రెబుషే, ద్వారమును పొడిచే దూలపు బండి, గోడపైకి మనుషులను చేర్చే చక్రాల బురుజు వీటిలో ముఖ్యమైనవి. సొరంగములు తవ్వి గోడలను కూల్చేవారు, కందకమును పూడ్చేవారు, నిచ్చెనలు వేసేవారు కూడా ఉన్నారు.

ఈ దండయాత్ర చూడటానికి భయంకరంగా ఉన్నా, దానికి ఒక మెత్తని సమయము ఉన్నది. యంత్రములు సిద్ధమయ్యే లోపున ఇంజనీర్ల వద్ద కత్తులు లేవు, వారికి కవచములు లేవు. కోట నుండి కొద్దిమంది గుర్రపు రౌతులు బయటకు దూకి ఇంజనీర్లను నరికి తిరిగి వస్తే, మిగిలిన దండు గోడల కింద బాణములకు గురి అవుతూ నిలబడవలసి వస్తుంది. కంప్యూటరు ఈ దెబ్బను ఒకసారి తిన్నా, పదిసార్లు తిన్నా తరువాతి దండును అదే పద్ధతిలో పంపుతుంది.

అయితే కంప్యూటరుకు మనిషికి లేని ఒక బలము ఉన్నది. అది అలసిపోదు, దాని దృష్టి చెదరదు. మనిషి తూర్పు గోడ వద్ద పోరు చూసుకుంటున్నప్పుడు పడమటి పొలములు తగలబడుతున్నది గమనించడు. ముగ్గురు ప్రభువులు ఒకేసారి చిన్న గుంపులను పంపితే, ఒక్కొక్క గుంపు లెక్కలోనిది కాకపోయినా, మూడు చోట్లా ఒకేసారి మాట చెప్పగలిగిన సేనాధిపతి ఆటగాడి వద్ద ఉండడు. ఓడినవారు తమ ఓటమికి కారణముగా పెద్ద దండును చెప్పుకుంటారు గాని, చాలాసార్లు అసలు కారణము అంతకు ముందు కాలిపోయిన గోధుమ చేలు.

మూడు ఉదాహరణలు

ర్యాట్ అందరిలో బలహీనుడు. కోట చిన్నది, ఏర్పాటులో పొంతన ఉండదు. అతని ప్రధాన బలగము బల్లెములు పట్టిన సైనికులు. వారికి కవచము ఉండదు గనుక కొద్దిమంది విలుకాండ్రు ఎత్తు మీద ఉంటే చాలు, గుంపులు గోడ చేరకముందే పడిపోతాయి. అయినా ర్యాటును పూర్తిగా కొట్టిపారవేయరాదు. బల్లెము చవక, అందుచేత అతని దాడులు ఆటలో అందరికంటే ముందు మొదలవుతాయి. ఆటగాడు మొదటి ధనమంతా పొలములకు, గనులకు ఖర్చుపెట్టి కోటను ఖాళీగా ఉంచిన సమయములో వచ్చే ఇరవై మంది బల్లెగాళ్ళు తరువాత వచ్చే వందమంది కత్తివీరులకన్న ప్రమాదకరులు.

వుల్ఫ్ దానికి పూర్తి వ్యతిరేకము. అతనికి తొందర లేదు. ఎత్తైన గోడలు, పెద్ద బురుజులు, వాటిపై రాళ్ళు విసిరే మ్యాంగొనెల్, పెద్ద బాణములు విసిరే బాలిస్టా ఉంటాయి. క్రాస్‌బౌ ధరించినవారు గోడలపై, కవచధారులైన కత్తివీరులు, పొడవాటి ఈటెలవారు లోపల ఉంటారు. ప్రజలను భయముతో పనిచేయిస్తాడు. అతని కోట పూర్తయితే మామూలు దాడులు మ్యాంగొనెల్ రాళ్ళ కింద నలిగిపోతాయి. అప్పుడు దూరం నుండి ట్రెబుషేలతో ఒక్కొక్క బురుజునూ కూల్చుకుంటూ పోవడము తప్ప వేరు మార్గము కష్టము. దానికి విస్తారంగా రాయి, అంతకన్న ఎక్కువ ఓపిక కావాలి.

వుల్ఫు బలహీనత అతని బలము పక్కనే ఉన్నది. కత్తివీరుడు ఖరీదైన మనిషి. కత్తి కావాలి, లోహపు కవచము కావాలి, వాటికి ఇనుము కావాలి, బంగారము కావాలి. ఇనుప గనులు గోడల బయట, తరచు చాలా దూరంలో ఉంటాయి. గనులను, పొలములను మాటిమాటికి దెబ్బతీస్తూ ఉంటే వుల్ఫు కొత్త సైన్యాన్ని కూర్చలేక, పాడైనవాటిని మరల కట్టుకోవడానికే కర్రను, ధనాన్ని ఖర్చు చేస్తూ ఉంటాడు. పైగా భయముతో నడిచే కోటలో సైనికుల పోరాట శక్తి తక్కువ అన్న నియమము అతనికీ వర్తిస్తుంది. సమాన సంఖ్యలో కత్తివీరులు ఎదురుపడితే ఉద్యానవనములు పెంచిన ప్రభువు పక్షమే నెగ్గుతుంది. ఈ చిన్న నియమమును చాలామంది పట్టించుకోరు.

కాలిఫ్ మూడవ తరగతికి చెందినవాడు. అతని ఆయుధము నిప్పు. కాగడాలు పట్టుకున్న బానిసలు, నిప్పు కుండలు విసిరేవారు, గుర్రములపై నుండి బాణములు వేసేవారు అతని వద్ద ఉంటారు. ఒక ఇల్లు అంటుకుంటే దగ్గర దగ్గరగా కట్టిన నగరమంతా కాలిపోవచ్చు. కాలిఫుతో తలపడేవారు గోడలకన్న ముందు నీటిని చూసుకోవాలి. బావులు, నీటి తొట్లు మరలకు, రొట్టెల కొట్లకు దగ్గరగా ఉండాలి, ఇండ్ల మధ్య కొంత ఎడము విడిచిపెట్టాలి. నిప్పును అరికట్టగలిగినవారి ముందు కాలిఫ్ బలగములో చాలా భాగము కవచము లేని పలుచని గుంపు మాత్రమే.

మిగిలినవారిలో సలాదీన్, రిచర్డ్ సమతూకము కలవారు. పిగ్ గదాధారులను నమ్ముకుంటాడు. నిజార్ వద్ద గోడలెక్కి లోపలికి జారే హంతక వీరులు ఉంటారు, వారు దగ్గరకు వచ్చేవరకు కనిపించరు. మార్షలు గుర్రపు నైట్‌లను, అబాటు సన్యాసులను పంపుతారు.

ఆహారము, ధనము

ప్రభువుల గుణములు ఎన్ని రకములుగా ఉన్నా వారందరికీ సమానమైన బలహీనత ఆర్థికమైనది. గోడల లోపల ధాన్యాగారము ఉంటుంది గాని ధాన్యము పండే చోటు ఉండదు. పచ్చిక ఎక్కడ ఉంటే అక్కడ పొలములు వేయాలి గనుక కంప్యూటరు రైతులు రోజంతా కోటకు, పొలమునకు మధ్య రక్షణ లేని దారిలో నడుస్తూ ఉంటారు. ఆ దారి పక్కన పదిమంది విలుకాండ్రను నిలిపితే కోటలో రొట్టె ఆగిపోతుంది.

ప్రభువు పొలమును మరల వేస్తాడు, మరల పోగొట్టుకుంటాడు. మనిషి అయితే ఒకటి రెండుసార్లు చూసి ముందు విలుకాండ్రను తరిమి ఆపైన పొలము వేస్తాడు, లేదా సంతలో ఆహారము కొంటాడు. కంప్యూటరు ప్రభువు కూడా సంతలో కొంటాడు, ఎదురుదాడికి కొందరిని పంపుతాడు. కాని కారణమునకూ ఫలితమునకూ గల సంబంధమును అతడు గుర్తించడు. విలుకాండ్రు అక్కడ ఉండుట వలన పొలము పోతున్నదని అతనికి తెలియదు. పొలము లేదు గనుక పొలము వేయాలి అన్నది మాత్రమే తెలుసు. నష్టము కర్ర రూపములో ఖర్చవుతుంది, కర్ర కోసము ధనము ఖర్చవుతుంది, ధనము లేక సైన్యము ఆగిపోతుంది.

ఇందుకు ప్రతిగా, కంప్యూటరు పక్షము వహించే అమరిక కూడా ఆటలో ఉన్నది. ఆరంభ ధనాన్ని ఇరు పక్షాలకు సమానంగా కాకుండా కంప్యూటరుకు ఎక్కువగా ఇచ్చే వీలు కల్పించారు. బుద్ధిలో లోటును బంగారముతో పూడ్చుట వ్యూహక్రీడలలో పాత పద్ధతే.

గోల్కొండ ముట్టడితో పోలిక

ఆటలోని ముట్టడిలో ఏది నిజము, ఏది కల్పన అని తెలుసుకొనుటకు తెలుగు పాఠకులకు గోల్కొండ కన్న మంచి ఉదాహరణ అక్కరలేదు. చర్లపల్లి, నాచారం, ఉప్పల్ వంటి తూర్పు ప్రాంతాలవారు అక్కడికి వెళ్ళాలంటే హైదరాబాదు నగరాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటవలసినదే అయినా, ఈ ఆట ఆడినవారు ఒకసారి చూడదగిన కోట అది. ద్వారమునకు ఎదురుగా అడ్డుగోడ ఎందుకు కట్టారో, ఏనుగులు పరుగున వచ్చి తలుపును గుద్దకుండా అది ఎలా అడ్డుపడుతుందో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆటలోని నమూనాలలో సింహద్వారము ముందు మలుపులు పెట్టుటలోని కారణము కూడా అదే.

మొఘలు చక్రవర్తి ఔరంగజేబు 1687లో గోల్కొండను ముట్టడించాడు. లోపల కుతుబ్‌షాహీ వంశపు చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా ఉన్నాడు. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. మొఘలులు గోడల కింద సొరంగములు తవ్వి మందుగుండు పెట్టారు. కోటలోనివారు ఆ సంగతి పసికట్టి ప్రతిచర్య తీసుకోగా, పేలుడు మొఘలు సైన్యానికే నష్టము కలిగించింది. వానలు, తిండి కొరత, రోగములు ముట్టడి చేస్తున్నవారినే పీడించాయి. చివరకు 1687 సెప్టెంబరులో కోట పడిపోయినది గోడలు కూలుట వలన కాదు. అబ్దుల్లా ఖాన్ పనీ అను లోపలి ఉద్యోగి లంచమునకు లొంగి రాత్రివేళ ద్వారము తెరిచాడు. అబ్దుర్ రజాక్ లారీ అను మరొక సేనాని అటువంటి ప్రలోభములను తిరస్కరించి, ఒంటినిండా గాయములతో పడిపోయేవరకు పోరాడాడు.

ఈ కథలోని ముఖ్యాంశములు రెండూ ఆటలో లేవు. ఆటలో సైనికులు ధాన్యాగారము నుండి తినరు, వారికి జీతము లేదు. అందుచేత ముట్టడి వేసిన దండు వానలో, ఆకలిలో నెలల తరబడి నిలిచినా దానికి ఖర్చు లేదు. ఆకలి కోట లోపలివారికి మాత్రమే ఉంటుంది. కంప్యూటరు ప్రభువు పొలములు దెబ్బతీస్తే అంత సులభంగా కుంగిపోవడానికి ఇది ఒక కారణము. ముట్టడించేవాడు కూడా తినవలసి వస్తే ఔరంగజేబు మాదిరి అతడూ లెక్క వేసుకోవలసి వచ్చేది. రెండవది ద్రోహము. ఆటలో పనీ లేడు, లారీ కూడా లేడు. ప్రతి సైనికుడూ చివరివరకు నమ్మకస్తుడే. ప్రభువు ఎంత క్రూరుడైనా ప్రజలు వెళ్ళిపోతారు గాని ఎవరూ ద్వారము తెరవరు.

ఓరుగల్లు కోటను కూడా ఇక్కడ తలచుకోవచ్చు. కాకతీయుల ఆ కోటకు రాతిగోడ బయట కందకము, దాని బయట మట్టికోట ఉండేవి. ఆటలో మట్టిగోడ అన్న వస్తువే లేదు. కాబట్టి ఓరుగల్లు నమూనాను ఈ ఆటలో ఉన్నదున్నట్లు కట్టుట సాధ్యము కాదు.

లోపములు, సవరణలు

పైన చెప్పిన బలహీనతలు కొన్ని రూపకర్తలు తెలిసి వదిలినవి. మరికొన్ని కేవలం పొరపాట్లు. రాయి మోసే ఎడ్ల కట్టుకొయ్యలను అవసరమునకు మించి కట్టుకుంటూ పోవుట వీటిలో ప్రసిద్ధమైనది. కొన్ని ఆటలలో ప్రభువు కోట చుట్టూ కట్టుకొయ్యల గుంపు పెరిగి, ఉన్న కర్ర అంతా దానికే ఖర్చవుతుంది. ఇంకొకటి కర్ర లేక నిలిచిపోవుట. ధనము ఉన్నా కర్ర కొనవలెనన్న ఆలోచన లేక, కట్టవలసినది కట్టలేక, ప్రభువు ఊరకే కూర్చుంటాడు.

ఇటువంటివాటిని ఆట అభిమానులే సరిదిద్దారు. అనఫీషియల్ క్రూసేడర్ ప్యాచ్ అను స్వచ్ఛంద సవరణ పై రెండు పొరపాట్లతో పాటు చాలావాటిని తొలగించింది. అంతకన్న ఆసక్తికరమైన విషయము ఈ పనిలో బయటపడింది. ప్రతి ప్రభువు స్వభావమూ ఆట లోపల ఒక అంకెల పట్టికగా ఉన్నది. ఎంతమంది పోగైతే దండు బయలుదేరాలి, ఏ సైనికుని ఎన్నుకోవాలి, ఏ సరుకు ఎంత నిల్వ ఉంచాలి, ఎవరిపైకి వెళ్ళాలి అన్నవన్నీ ఆ పట్టికలోని అంకెలే. ర్యాటుకూ వుల్ఫుకూ కార్యక్రమము ఒకటే, పట్టికలు, కోట నమూనాలు, గొంతులు మాత్రమే వేరు. ఈ పట్టికలను మార్చి అభిమానులు కొత్త ప్రభువులను తయారుచేశారు. కొందరు ర్యాటుకే పదును పెట్టి వుల్ఫును ఓడించేలా చేశారు.

కంప్యూటరు శాస్త్రము చదివే విద్యార్థులకు ఇది ఉపయోగపడే సంగతి. చదరంగములో 1997లో కాస్పరోవును ఓడించిన డీప్ బ్లూ ఎత్తులను వెతికి లెక్కించే యంత్రము. 2016లో గో ఆటలో లీ సెడోలును ఓడించిన ఆల్ఫాగో తనతో తాను ఆడుకుంటూ నేర్చుకున్నది. 2019లో స్టార్‌క్రాఫ్ట్ 2 ఆటలో ఆల్ఫాస్టార్ ఉన్నత స్థాయి ఆటగాళ్ళను ఓడించింది. క్రూసేడరులోని ప్రభువు ఈ మూడింటిలో దేనికీ చెందడు. అతడు వెతకడు, నేర్చుకోడు, నిన్నటి ఆటను గుర్తుంచుకోడు. నియమములను వరుసగా పాటిస్తాడు, అంతే. కృత్రిమ మేధ అన్న ఒకే మాటతో వీటన్నిటినీ పిలుస్తున్నందున ఈ తేడా తరచు మరుగునపడుతుంది.

అలాగని నేర్చుకునే ప్రత్యర్థి ఇక్కడ మేలని చెప్పుట కూడా కష్టము. ఎప్పుడూ ఓడించే ర్యాటును ఎవరూ కోరుకోరు. అతడు ర్యాటుగానే ఉండాలి, తొందరగా రావాలి, పిరికివాడిగా పోవాలి. వుల్ఫును గుర్తుపట్టగలుగుతున్నది కూడా అతడు ప్రతిసారీ వుల్ఫులాగానే ప్రవర్తించుట వలన. రూపకర్తలు ప్రత్యర్థి గెలవాలని కాక, గుర్తుపట్టదగిన విధంగా పోరాడాలని చూశారు. దాని ధర ఏమనగా, ఒకసారి గుట్టు తెలిసినవారికి ఆట చప్పబడుతుంది. తరువాతి కష్టమంతా సంఖ్యలోనుండి రావలసిందే. ఒక వుల్ఫుకు బదులు ముగ్గురు వుల్ఫులు, సమానమైన ధనమునకు బదులు ఎక్కువ ధనము.

తరువాతి ఆటలు

2008లో వచ్చిన క్రూసేడర్ ఎక్స్‌ట్రీమ్ ఈ మార్గాన్నే చివరివరకు తీసుకువెళ్ళి, సైన్యముల పరిమాణమును విపరీతంగా పెంచింది. 2014లో స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్ 2 విడుదలైంది. అందులో బొమ్మలు త్రిమితీయములు, అయితే పాత ప్రభువుల పట్ల అభిమానము దానికి పూర్తిగా బదిలీ కాలేదు. ఫైర్‌ఫ్లైను 2021లో డెవాల్వర్ డిజిటల్ సంస్థ కొనుగోలు చేసింది. 2025లో మొదటి క్రూసేడరు డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో కొత్త బొమ్మలతో మరల విడుదలైనపుడు, ర్యాటు, స్నేకు, పిగ్, వుల్ఫు అందులోనూ తమ తమ కోటలతో నిలిచి ఉన్నారు.